తిప్పిపంపిన నవారు

వరంగల్లు మట్టెవాడలో మాకొక పాత కొట్టు ఉండేది. మా అన్న కొడుకు శ్రీను దాన్ని పడగొట్టించి కొత్తగా కట్టించుకునే పనిలో ఉన్నాడు. అటక మీది సామాను దింపిస్తుంటే ఇత్తడి గంగాళాలకూ విరిగిన తక్కెడకూ వెనకాల ఒక నవారు చుట్ట కనిపించిందట. పారేయబోతూ ఎందుకో నన్ను తలచుకున్నాడు. ఆదివారం పొద్దున హనుమకొండలో నేనుండే ఇంటికి దాన్ని సంచిలో వేసుకొని వచ్చి, "అత్తమ్మా, ఇది నీకేమన్న పనికొస్తదా? లేకుంటె పాత సామాన్లోనికి ఏస్త" అన్నాడు. నవారంటే ఇప్పటి పిల్లలకు చెబితే గానీ తెలియదు. మంచం చట్రానికి అడ్డంగానూ నిలువుగానూ అల్లే బెత్తెడు వెడల్పు నూలు పట్టీ. చుట్టను చేతిలోకి తీసుకోగానే బరువును బట్టి అది మా నాయినమ్మ నేసిందని తెలిసిపోయింది. అంత బరువు నవారు ఇంకెవరూ నేసేవారు కాదు. కానీ ఆమె చుట్టకు పైకొసన ఒక ఎర్రపోగు ఉండాలి. ఇందులో లేదు. "విప్పరా" అన్నాను. వాడు హాల్లోంచి వంటింటి దాకా, వంటింట్లోంచి మళ్ళీ హాల్లోకి పరుచుకుంటూ వచ్చాడు. తెల్లటి టైల్స్ మీద ఎర్రమట్టి పొడి రాలింది. చిట్టచివర, చుట్ట నడిమధ్యలోంచి, ఎర్రపోగు బయటపడింది. "ఎవలో ఉల్టా చుట్టిండ్రు అత్తమ్మా" అన్నాడు శ్రీను. ఎవరు చుట్టారో నాకు తెలుసు. ఎందుకలా చుట్టారో తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయాను.

నేను పుట్టు పిరికిదాన్ని. చిన్నప్పుడు చీకటికి, బల్లికి, మా బడి పంతులు దగ్గుకు భయపడేదాన్ని. పెళ్ళయ్యాక స్టవ్వుకు భయపడ్డాను. పోయినేడు బాత్‌రూంలో జారిపడ్డప్పటి నుంచి మా ఇంటి మెట్లకు భయపడుతున్నాను. గేటు దాకా కూడా పోవడం మానేశాను, అవతల ఏం జరుగుతోందో పాలబ్బాయి చెబితే వినడమే. అందుచేత భయం గురించి నేను ఏమైనా చెబితే నమ్మవచ్చు. ధైర్యం గురించి చెప్పే అర్హత నాకు లేదు గానీ, దాన్ని ఒకసారి చాలా దగ్గరగా చూశాను. అది నా పాదాల దగ్గరికి బొక్కబోర్లా పాకుతూ వచ్చింది. అప్పుడు దాన్ని ధైర్యమని నేను గుర్తుపట్టలేదు. ఏడ్చాను.

మా ఇంటికి ముందు భాగం కొట్టు, వెనక భాగం కాపురం. రెండింటికీ నడుమ ఎర్రమట్టితో అలికిన పెద్ద వాకిలి. కొట్లో బాపు కూర్చునేవాడు. మంచాలకు నవారు, జంపఖానాలు, గుడారాల పట్టీలు అమ్మేవాడు. వాకిలికి ఒకవైపు వసారాలో నాయినమ్మ నవారు నేసే సన్నమగ్గం. తాత పోయాక ఆమె ఆ మగ్గం మీదినుంచి అన్నం తినడానికీ పడుకోవడానికీ తప్ప దిగేది కాదని మా అమ్మ ఎత్తిపొడిచేది. ఇల్లంతా గంజి వాసన. నూలుకు పట్టించే గంజి వేరు, మేం తాగే గంజి వేరు, కానీ రెండూ పక్కపక్క పొయ్యిల మీదనే ఉడికేవి. ఒకసారి అమ్మ తొందరలో నూలు గంజిలో ఉప్పేసింది కూడా. నాయినమ్మ ఆ సంగతి పండక్కి వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించింది. పొద్దు పొడవక ముందు లేచి వాకిలి ఊడ్చి, అలికి, పొగాకు నమిలి, మగ్గం ఎక్కితే ఇక టకటకమని ఆ చప్పుడు మధ్యాహ్నం దాకా ఆగేది కాదు. ఆ చప్పుడు మీదనే నేను నిద్ర లేచేదాన్ని. గడియారం లేని ఇల్లు మాది, దాని లోటు ఎవరికీ తెలియలేదు.

నాయినమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా బాపు. చిన్నవాడు రాజలింగం, మాకు కాక. కాజీపేటలో రైళ్ళ షెడ్డులో పని నేర్చుకుంటానని పోయినవాడు అటునుంచి అటే ఇంగ్లీషువాళ్ళ మిలిట్రీలో చేరిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. నాకు ఆయన వెళ్ళిన రోజు గుర్తులేదు, ఇంట్లోవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నదే. ఖాకీ బట్టలతో చెప్పిపోవడానికి వచ్చాడట. నాయినమ్మ నేల మీద కూలబడి ఏడ్చిందట. అప్పుడు ఆయన ఆమె గడ్డం పట్టుకొని, "నేను తుపాకి కొట్టేటోన్ని కానే అవ్వా. మాది వంతెనలు కట్టుడు, తొవ్వలేసుడు. మేస్త్రి పని అనుకో" అన్నాడట. ఆ మాట నాయినమ్మ కొంగున ముడేసుకుంది. బజార్లో ఎవరు అడిగినా, "మావోడు లడాయిల లేడు, మేస్త్రి పనిల ఉన్నడు. లడాయి అయినంక పోయి మంచిగ చేసొస్తడు" అని చెప్పేది. మిలిట్రీ ఇంజనీర్ల దళమంటే అందరికన్నా వెనక ఉంటుందని మా అందరి నమ్మకం. గోడ కట్టే మేస్త్రి, కొట్లాట ఆగాక గదా వస్తాడు!

ఇంత నమ్మకమున్నా ఇంట్లో భయం తగ్గేది కాదు. లడాయి మా బజారుకు సైకిల్ బెల్లు మీద వచ్చేది. తార్, అంటే టెలిగ్రాం, తెచ్చే జవాను సైకిలెక్కి మట్టెవాడలోకి వస్తే దుకాణాలన్నీ మాటలు ఆపేసేవి. మా దగ్గర మగ్గం ఆగేది. నాయినమ్మ పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలో అట్లాగే పట్టుకొని, మెడ తిప్పకుండా, కళ్ళు మాత్రం వాకిలి తలుపు వైపు పెట్టి ఉండేది. బెల్లు మా ఇల్లు దాటి పోయాక కూడా వెంటనే మొదలుపెట్టేది కాదు. నాకు సైకిల్ అంటే ఏం భయం ఉంటుంది? మగ్గం ఆగితే భయం. పొయ్యి మీద గంజి బుడగల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం వస్తే, నేను ఎక్కడున్నా పరుగెత్తి అమ్మ చీర కుచ్చిళ్ళలో దూరేదాన్ని. నూకల బియ్యానికి వరసలో నిలబడ్డప్పుడూ, కిరసనాయిలు లేక పెందలాడే పడుకున్నప్పుడూ పెద్దవాళ్ళు ఏవో గుసగుసలాడేవారు. ఫలానా వీధిలో ఫలానావాళ్ళకు తార్ వచ్చిందట. ఆ మాట అన్నాక ఎవరూ ఇంకొక మాట అనేవారు కాదు.

అట్లాంటి రోజుల్లో సికింద్రాబాదు గుత్తేదారు ఒకాయన తన లెక్కలు చూసే మునీమును మా కొట్టుకు పంపాడు. మిలిట్రీకి నవారు కావాలి, ఎంత నేస్తే అంత. వెడల్పు తక్కువ, నేత పలచన, రంగు మాత్రం తెలుపు. మామూలు తెలుపు కాదు, సున్నం కొట్టినంత తెలుపు. బాపుకు సంతోషమైంది, ఆ రోజుల్లో మంచాలు కొనేవాళ్ళు లేక కొట్టు ఈగలు తోలుకుంటోంది. నాయినమ్మకే అనుమానం వచ్చింది. "మంచానికి గంత తెలుపెందుకు? వారం దినాలల్ల మాసిపోదా?" అంది. "పల్టనోళ్ళకు చాకలోళ్ళుంటరు తీయే అవ్వా" అన్నాడు బాపు. ఇంక ఆమెకు కొడుకు కళ్ళ ముందు నిలిచాడు. ఇన్ని చుట్టలు అడుగుతున్నారంటే ప్రతి సిపాయికీ మంచం ఇస్తున్నట్టే గదా. రాజలింగం నేల మీద పడుకోవడం లేదన్నమాట. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమె కడుపునిండా తిన్నదని అమ్మ చెప్పేది.

అయితే పలచని నేత ఆమెకు నచ్చలేదు. మనిషి పడుకుంటే కుంగిపోతుంది, నడుము పడుతుంది. గుత్తేదారు ఏం చెప్పినా వినకుండా అడ్డంగా వచ్చే పేక పోగులు దగ్గర దగ్గరగా కొట్టి, గట్టిగా, రెండింతల బరువుతో నేసింది. ప్రతి చుట్టకూ మొదటి కొసన ఒక్క ఎర్రపోగు, వేలెడు పొడుగు వేసేది. ఎందుకని నేనడిగితే, "మీ కాక మంచం మీద పండుకున్నప్పుడు తలాపు దిక్కు చూస్తె కనవడాలె. మా అవ్వ నేసింది అనుకుంటడు" అంది. లడాయిలో ఎన్ని లక్షలమంది ఉన్నారో ఆమెకు తెలియదు. తెలిసినా వేసేదనుకుంటాను.

మునీం వచ్చి చుట్టలను తూకం వేసి నెత్తి కొట్టుకున్నాడు. "క్యా అమ్మా, గిది నవారా, బండి తాడా? ఇంత బరువు సిపాయి ఎట్ల మోస్తడు?" అన్నాడు. నాయినమ్మ, "సిపాయి మంచం మోసుకుంట తిరుగుతడా?" అంది. "నాకేం ఎరుకమ్మా. పలచగ, తెల్లగ, అల్కగ ఉండాలె అన్నరు. గంతే నాకు ఎరుక" అని మొత్తం సరుకు తిప్పిపంపాడు. బాపు మొదటిసారి తల్లి మీద గట్టిగా అరిచాడు. ఆ బరువు చుట్టలన్నీ అటక ఎక్కాయి. ఆ తర్వాత నాయినమ్మ అడిగినట్టే పలచగా నేసి ఇచ్చింది, ఎర్రపోగు మాత్రం మానలేదు. నేస్తున్నంతసేపూ సణిగేది. "కుంగిపోతది. పొల్లగాని నడుము ఇరుగుతది" అని.

ఆ మధ్య కాక నుంచి కార్డులు ఆగిపోయాయి. వచ్చినప్పుడు మాత్రం ఏముండేవి గనుక? సగం మాటల మీద నల్లసిరా పూసి ఉండేది. మిగిలినవి బాగున్నాను, బాగున్నారని తలుస్తాను. అవి కూడా రావడం మానేసరికి ఇంట్లో అందరికీ ఒకే ఆలోచన, ఎవరూ పైకి అనరు. నాయినమ్మ మేడారం తల్లులకు నిలువెత్తు బెల్లం మొక్కుకుంది. మగ్గం ఆగడం ఎక్కువైంది. సైకిల్ బెల్లు లేకపోయినా ఆగేది. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని, మళ్ళీ చప్పుడు మొదలయ్యేదాకా నమలకుండా కూర్చునేదాన్ని.

కాక వచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. పొద్దెక్కింది. నేత పూర్తయిన నవారును చుట్టే ముందు నాయినమ్మ ఎప్పుడూ వాకిట్లో జంటగా పరిచేది. మనిషి నడిచేంత ఎడంతో రెండు పట్టీలు, వీధి తలుపు నుంచి వసారా దాకా, ముగ్గు గీసినట్టు తిన్నగా. నడుమ వంగి నడుస్తూ అటూ ఇటూ ముడులున్నాయేమో చూసుకునేది. పిల్లలు వాటిని తొక్కితే వీపు పగిలేది. ఆ రోజు కూడా అట్లా పరిచి, నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. నేను పట్టీలకు అవతల, గోడ మూలన రోలు దగ్గర, నూలు చుట్టే ఖాళీ కండెలు పేర్చి ఆడుకుంటున్నాను. వీధిలో జట్కా ఆగింది. తలుపు తోసుకొని ఎవరో ఎండిపోయిన మనిషి వచ్చాడు, భుజాన ఖాకీ సంచి. నేను ఆయన్ని గుర్తుపట్టలేదు. కొత్తవాడు వస్తే నేను చేసే పని ఒక్కటే గనుక, లేచి వంటింటి వైపు పరుగు తీయబోయాను.

"కదలకు!"

ఆ అరుపు ఇప్పటికీ నా వీపులో ఉంది. కొట్లోంచి బాపు, వంటింట్లోంచి అమ్మా నాయినమ్మా ఒకేసారి బయటికి వచ్చారు. ఆయన సంచి కింద పడేసి, రెండు తెల్లపట్టీల నడుమ నిలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమట. నా వైపే చూస్తూ, ఈసారి చాలా నెమ్మదిగా, "ఉన్నకాడనే ఉండు పొల్లా. కాలు లేపకు. నేనొస్తాన" అన్నాడు. పట్టీల నడుమనే జరిగి, వసారాలో పడి ఉన్న వెదురుబద్ద ఒకటి అందుకున్నాడు. పట్టీ అంచున బొక్కబోర్లా పడుకున్నాడు. బద్దను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చి, తీసి, జానెడు పక్కన మళ్ళీ గుచ్చి, వేళ్ళు విప్పి నేలను తడిమి, అప్పుడు ఒక్క జానెడు ముందుకు జరిగాడు. మళ్ళీ గుచ్చాడు. బాపు, "ఓరి తమ్మీ, ఇల్లురా ఇది!" అంటూ వాకిట్లోకి దిగబోయాడు. నాయినమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. "ఎవలు కదలకుండ్రి" అంది. "నువ్వు కాలు పెడితె వాడు చచ్చిపోతడు. వాని మొకం చూడు."

నేను ఒంటికాలి మీద లేను గానీ, ఒక మడమ పైకి లేచి ఉంది, దాన్ని దించడానికి కూడా భయం వేసింది. ఏడుపు వస్తోంది, చప్పుడు చేయడానికి భయం. లంగా తడిసిపోయింది. నేల మీద పాకే ఆ మనిషి పళ్ళు టకటకలాడటం నాకు వినిపిస్తోంది. చేతులు వణుకుతున్నాయి, మట్టిలో గుచ్చేటప్పుడు మాత్రం వణకడం లేదు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా దగ్గరికి వచ్చి, నా పాదాల చుట్టూ వేళ్ళతో తడిమి, లేచిన మడమ కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా దించాడు. "ఎత్తుకుంటాన బిడ్డా. కాళ్ళు దగ్గరికి ముడుచుకో. కిందికి చూడకు" అన్నాడు. నన్ను ఎత్తుకొని, తాను పాకిన జాడలోనే అడుగు మీద అడుగు వేస్తూ తెల్లపట్టీల నడుమకు తెచ్చి నిలబెట్టాడు. అప్పుడు కూర్చున్నాడు. కూర్చొని, మోకాళ్ళ నడుమ తల పెట్టుకొని వణికాడు. నాయినమ్మ పట్టీల నడుమనే నడుచుకుంటూ వచ్చి ఆయన తల మీద చెయ్యి వేసింది. "రాజలింగం, నేను రా. మీ అవ్వను" అంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో మంచం మీద కూర్చొని కాక మాట్లాడాడు. ఒక చెవి వినిపించదు, అందుకని మేమంతా ఆయన కుడివైపు చేరాం. ఆ మేస్త్రి పని గురించి అప్పుడు తెలిసింది. వాళ్ళ దళం అందరికన్నా వెనక కాదట, అందరికన్నా ముందట. ఇసుక నేల నిండా శత్రువులు మందుపాతరలు పూడ్చి పెడతారు. కాలు పడితే పేలుతుంది. సైన్యం దాటాలంటే ముందుగా వీళ్ళు చీకట్లో పాకుతూ పోయి, గుచ్చి చూసి, దొరికినదాన్ని తవ్వి తీసి, బాగుచేసిన దారికి రెండువైపులా తెల్లపట్టీ పరవాలి. వెనక వచ్చేవాళ్ళు దాని నడుమ నడుస్తారు. ఇదంతా అవతలి నుంచి తుపాకులు కాలుస్తుండగానే. లేచి పరుగెత్తడానికి లేదు, తిరిగి కాల్చడానికి లేదు, చేతిలో ఉండేది ఒక చువ్వ, ఒక చుట్ట.

"చుట్ట నా చేతిల, కొస ఎనుక వాని చేతిల" అన్నాడు కాక. "సేలం దిక్కు పిల్లగాడు. మాట తెల్వదు మాకు ఒకలది ఒకలకు. నవారు బిగువుగ ఉంటె వాడున్నట్టు. నేను జరిగితె వాడు జరుగుతడు. ఒకపారి ఏమైందంటె, అవ్వా, నా చేతిల నవారు వదులైంది."

నాయినమ్మ, "మరి నువ్వేం చేసినవ్ కొడుకా?" అంది.

"గుంజి చూసిన. ఊకెనే వచ్చింది. నేను పరుసుకుంట పోయిన. ఎనుక మందొస్తాండ్రు గద."

"భయం గాలేదారా?"

"గాకపోవుడేంది? పండ్లు కొట్టుకుంటాంటె చప్పుడైతదని నవారును నోట్ల పెట్టుకొని కొరికి పట్టుకున్న. గంజి రుచి. అచ్చం మనింటి గంజి లెక్కనే."

అప్పుడు నాయినమ్మ అడిగిన మాట నేను చచ్చేదాకా మరచిపోలేను. "అయితే అది మంచాలకు కాదా?" అంది.

"ఏ మంచాలు?" అన్నాడు కాక. బాపు చెప్పాడు, గుత్తేదారు సంగతి, మునీం సంగతి, ఎర్రపోగు సంగతి. కాక ఆశ్చర్యపోయాడు. మిలిట్రీ నవారు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తుందని విన్నాడట. తెల్ల నవారు చూసినప్పుడల్లా ఇల్లు యాదికొచ్చేదట, ఇంటి నుంచే వస్తుందని మాత్రం అనుకోలేదట. "నేనైతె ఒక్క ఎర్రపోగు గూడ చూడలే. చూడకుంటనే మంచిగయింది. చూస్తె దాన్ని అక్కడ మట్టిల ఇడిసిపెట్టి ముందుకు పోబుద్ధి కాకపోవు" అన్నాడు. నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ కొడుకు పడుకుంటున్నాడని నేసిన నవారు మీద వాళ్ళు చావును పక్కన పెట్టుకొని పాకారు. ఆమె ఏడ్చింది దానికా, వాడు బతికి వచ్చినందుకా, నాకు ఇప్పటికీ తెలియదు.

మనిషి ఇంటికి వచ్చాడు గానీ వాకిట్లోకి దిగలేదు. వసారా అంచు దాకా వస్తాడు, ఆగుతాడు. కింద ఏమీ లేదని ఆయనకూ తెలుసు. "ఎరుకనే వదినా. కాలు ఇంటలేదు" అని అమ్మతో అన్నాడు. వాకిట్లో ఓ మూలనున్న బావి దగ్గరికి పోవాలంటే బద్ద పట్టుకొని పాకడమే. పగలు ఎవరైనా చూస్తారని సిగ్గుతో నీళ్ళు తాగడం తగ్గించాడు. చూడవచ్చిన వాళ్ళు తలా ఒకటి చెప్పారు. చేతబడి అన్నారు. పాలకుర్తి గుట్ట ఎక్కించమన్నారు. మిషన్ దవాఖాన డాక్టరమ్మ నిద్రకు మందిచ్చింది, నిద్ర పట్టింది, కాలు మాత్రం దిగలేదు. సైకిల్ బెల్లు భయం పోయి మా ఇంట్లో ఇంకో భయం వచ్చింది. ఎదిగిన మనిషి ఆ అంచున నిలబడి చెమటలు కక్కుతుంటే, నేను కూడా ఆ వాకిట్లో నడవడం మానేసి గోడవారగా పోయేదాన్ని.

ఒక పొద్దున నాయినమ్మ బాపు చేత అటక మీది బరువు చుట్టల్లో ఒకటి దింపించింది. తిప్పిపంపిన సరుకును అమ్ముకుందామనుకుంటోందని అందరూ తలచారు. ఆమె చుట్ట కొసను, ఎర్రపోగున్న కొసను, కాక మంచం కోడుకు కట్టింది. చెప్పులు విప్పింది. వసారా దిగి, వంగి, నవారు పరుస్తూ బావి వైపు నడవసాగింది. ఎన్నేళ్ళుగా రోజూ చేత్తో అలికిన వాకిలి అది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ చీమల పుట్ట లేస్తుందో ఆమెకు తెలియనిది లేదు. అయినా ఆ రోజు ఒక్కొక్క పాదం వేలి కొసలతో నేలను తాకి, ఆగి, తర్వాత మడమ ఆనించింది. పెదవులు కదులుతున్నాయి. రవిక వీపు తడిసింది. బావి గట్టు చేరి వెనక్కి తిరిగి, "నేను నడిచి చూసిన కొడుకా. ఏం లేదు. రా" అంది. కాక చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నవారు మీద కాలు పెట్టాడు.

పెద్దయ్యాక ఒకసారి ఆమెను అడిగాను, మన వాకిట్లో నీకెందుకంత భయమేసిందని. "వాని కండ్లతోటి చూస్తె నాకు గూడ కనవడ్డయే" అంది. "అక్కడొకటి, ఇక్కడొకటి. ఉత్తగ నడుస్తె వాడు నమ్ముతడా? వాడు భయపడ్డంత భయపడుకుంట నడువాలె." ఇంతకు మించి ఆమె ఏమీ చెప్పలేదు, వక్కలు అడిగింది.

బావి తర్వాత వీధి తలుపు. తలుపు తర్వాత కొట్టు మెట్లు. ఆ తర్వాత బజారు. రోజూ పొద్దున్నే ముసలామె ముందు వంగి నవారు పరుస్తూ పోవడం, వెనకాల ఆ మనిషి దాని మీదనే అడుగులు వేయడం. మట్టెవాడ అంతా చూసింది. ఎదురు దుకాణం వాళ్ళు, "నర్సమ్మా, మంచమెక్కడ పోయిందే, నవారొక్కటే వచ్చింది?" అని ఎగతాళి చేశారు. ఆమె తల ఎత్తలేదు. ఎద్దులబండ్లు దాని మీదినుంచి పోయాయి, మేకలు తొక్కాయి, ఇంటికొచ్చాక ఉతికి ఆరేసేది. మునీం అడిగిన పలచని సరుకైతే వారానికి పీలికలయ్యేది. నేను కూడా ఆయన వెనకాల, నవారు మీదనే, నా చిన్న పాదాలు వేసుకుంటూ పోయేదాన్ని. చెప్పానుగా, అది తప్ప మిగతా నేలంతా నాకూ భయమే.

ఒకరోజు నాలుగిళ్ళ అవతలి చౌరస్తా దాకా వెళ్ళాం. నా ముందు కాక ఉన్నట్టుండి ఆగాడు. వెనక్కి తిరిగి, నన్ను ఎత్తి పక్కన నిలబెట్టాడు. నవారు మీద కాదు, నేల మీద. ఏడవబోయి ఆయన ముఖం చూసి ఆగాను. నన్ను వెంటబెట్టుకొని ఇంటి దాకా తిరిగి నడిచి, మంచం కోడుకు కట్టిన ముడి విప్పి, ఆ ఎర్రపోగు కొస నుంచి చుట్టుకుంటూ మళ్ళీ బయలుదేరాడు. చుడుతూ నడిచాడు. ఆయన వెనక నవారు లేదు, ఉత్త మట్టి, దాని మీద ఆయన అడుగులు. ముందున్న నాయినమ్మకు చేతిలో పట్టీ కదిలినట్టయి తిరిగి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. "ఏందిరా గది? ఎనుకకు ఎట్ల మల్లుతం?" అంది. "వచ్చినట్టే మల్లుదమే అవ్వా" అన్నాడు కాక. చుట్టుకుంటూ ఆమె దాకా వచ్చి, చుట్టను ఆమె చేతిలో పెట్టాడు. నాయినమ్మ బజారు నడుమ, బండ్లు ఆగిపోయేలా, కాళ్ళు చాపి కూర్చొని గట్టిగా ఏడ్చింది. ఆ చుట్టను ఆమె మళ్ళీ విప్పలేదు, ఉతకనూ లేదు. మట్టితోనే అటక ఎక్కించింది.

కాక తర్వాత కల్వర్టులు కట్టే మేస్త్రి అయ్యాడు, వర్ధన్నపేట రోడ్డు మీద ఆయన కట్టినవి కొన్ని ఇంకా ఉన్నాయి. నవ్వేవాడు, పిల్లల్ని కన్నాడు, సినిమాలకు పోయేవాడు. నడిచేటప్పుడు మాత్రం చివరిదాకా నేలనే చూసేవాడు. ఇప్పుడు లడాయిలు టీవీలో వస్తున్నాయి. ఎక్కడో ఊళ్ళు కాలుతుంటే నేను టీ తాగుతూ చూస్తాను, ప్రకటన రాగానే చానల్ మారుస్తాను. చప్పుడు ఆగిపోయే మగ్గం ఏ ఇంట్లోనూ లేదు. అది మంచిదేనేమో. నాకైతే భయంగానే ఉంటుంది, దేనికని అడిగితే చెప్పలేను.

శ్రీనుకు ఇదంతా చెప్పేసరికి మధ్యాహ్నమైంది. వాడు టైల్స్ మీది మట్టిని తొక్కకుండా కాళ్ళు దగ్గరికి తీసుకొని కూర్చున్నాడు. "మరి దీన్నేం చేద్దామత్తమ్మా?" అన్నాడు.

"ఆ కొస పట్టుకొని గేటు దాకా పోరా" అన్నాను.

వాడు పోయాడు. నేను ఎర్రపోగున్న కొసను చేతిలోకి తీసుకొని, గోడ పట్టుకొని లేచాను. మెట్ల దగ్గర ఆగాను. పళ్ళు కొట్టుకోవడం నాకే వినిపించింది. నవారును కాస్త లాగి చూశాను. అవతల వాడున్నాడు, బిగువుగా ఉంది. ఎర్రపోగును లోపలికి మడిచి, చుట్టుకుంటూ, మొదటి మెట్టు దిగాను.